పంటికి పెట్టిన సిమెంట్ ఎన్నాళ్ళది?

అంబర్‌పేట నుంచి మీ పళ్ళ డాక్టర్‌ని. ఈ ఎపిసోడ్ మొత్తం సిమెంట్ గురించే.

"పన్నుకి సిమెంట్ పెట్టించుకున్నా" అనే మాట మన ఇళ్ళల్లో అందరూ అంటారు. గోల్నాక నుంచి వచ్చినవాళ్ళూ అంటారు, ఉప్పల్ నుంచి వచ్చినవాళ్ళూ అంటారు. ఏ సిమెంట్ అని అడిగితే మాత్రం "అదే సార్, తెల్లది" అంటారు. చిక్కంతా అక్కడే ఉంది. నోట్లో పెట్టే సిమెంట్లు దాదాపు అన్నీ తెల్లగానే ఉంటాయి. రెండు వారాల కోసం పెట్టిందీ తెల్లదే, ఏళ్ళ తరబడి ఉండాలని పెట్టిందీ తెల్లదే. అద్దంలో నోరు తెరిచి చూసుకుంటే తేడా తెలీదు. ఆ తేడా తెలియక మంచి పన్ను పోగొట్టుకునేవాళ్ళు నా కుర్చీలోకి వస్తూనే ఉంటారు.

మొన్నామధ్య నాచారం వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. పాతికేళ్ళు కూడా ఉండవు, బండి మీద డెలివరీలు చేస్తాడు. ఏడు నెలల కింద కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించుకున్నాడు. నరం తీసేశారు, లోపల నింపారు, పైన టెంపరరీ సిమెంట్ పెట్టి "రెండు వారాల్లో వచ్చి క్యాప్ వేయించుకో" అని పంపారు. ఈయన వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదంటే, "నొప్పి పోయింది గద సార్. మంచిగనే ఉండె. పైసలు జమ చేసుకుని పోదామనుకున్న" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏం లేదు. నొప్పి లేనప్పుడు ఎవరికైనా పన్ను గుర్తుకు రాదు. కానీ నరం తీసేశాక పన్ను నొప్పి చెప్పలేదు కదా! లోపల ఏం జరుగుతున్నా మీకు కబురు అందదు. ఆ సిమెంట్ అరిగి, పక్కన సందు పడి, ఉమ్ము లోపలికి దిగి, మళ్ళీ పుచ్చు మొదలై, చివరికి ఒకరోజు పల్లీలు నములుతుంటే పన్ను నిలువునా చీలింది. చీలిక వేరు దాకా దిగింది. అలాంటి పన్నుని ఏ సిమెంటూ నిలబెట్టదు. తీసేయాల్సి వచ్చింది.

అందుకని ఈ వీడియోలో నేను చెప్పదలుచుకున్నది ఒకటే. మీ నోట్లో పెట్టిన సిమెంట్ ఏది, అది ఎన్నాళ్ళ కోసం పెట్టారు అనేది మీకు తెలిసి ఉండాలి. దానికోసం ఒక్కో రకం ఏం చేస్తుందో, ఏం చేయలేదో చూద్దాం. కెమిస్ట్రీ కొంచెం వస్తుంది, భయపడకండి.

ముందు టెంపరరీల సంగతి. మన దగ్గర మామూలుగా రెండు రకాలు వాడతారు. ఒకటి డబ్బాలో రెడీమేడ్‌గా వచ్చే మెత్తటి ముద్ద. కలపాల్సిన పని లేదు, అలాగే తీసి పెడితే నోట్లో తడి తగిలి గట్టిపడుతుంది. నీళ్ళు పీల్చుకుని కాస్త ఉబ్బుతుంది కాబట్టి మొదట్లో సందులు బాగానే మూస్తుంది. కానీ అది మూత మాత్రమే. నమలడానికి పనికొచ్చే బలం దానికి లేదు. వారం, రెండు వారాలు దాని పని. రెండోది జింక్ ఆక్సైడ్ పొడిని యూజెనాల్ అనే ద్రవంతో కలిపి చేసేది. యూజెనాల్ అంటే పరాయి వస్తువేం కాదు, మన లవంగం నూనెలో ఎక్కువ భాగం అదే. పంటి నొప్పి వస్తే అమ్మమ్మ లవంగం కొరికి పట్టుకోమనేది చూడండి, ఆ గుణమే ఈ సిమెంట్‌లో ఉంది. సలుపుతున్న పన్నుని నెమ్మదింపజేస్తుంది. క్లినిక్‌లోకి అడుగుపెట్టగానే ఒక వాసన వస్తుందే, దాంట్లో సగం ఇదే.

ఇది బలహీనమైన సిమెంట్. బలహీనంగా ఉండాలనే అలా చేశారు. పై వారం క్యాప్ వచ్చినప్పుడు మేం సులువుగా తీయగలగాలి కదా. గట్టిగా ఉంటే తీసేటప్పుడు పన్ను కూడా దెబ్బతింటుంది. కాబట్టి "టెంపరరీది ఊడింది, నాసిరకం పెట్టారు" అని డాక్టర్ మీద కోప్పడకండి. నెలల తరబడి ఊడకుండా ఉన్నా సంతోషపడకండి. పైన ఊడకపోయినా కింద కారుతూ ఉండొచ్చు.

లవంగం మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. యూజెనాల్ ఉన్నచోట ప్లాస్టిక్ జాతి ఫిల్లింగులు, అంటే నీలం లైట్ కొట్టి గట్టిపరిచే కాంపోజిట్ లాంటివి సరిగ్గా గట్టిపడవు. అందుకే ఆ ఫిల్లింగ్ చేయబోతుంటే మేం కింద యూజెనాల్ సిమెంట్ పెట్టం. మీరు ఇంట్లో లవంగం నూనె పోసుకుని వస్తే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి, దాచుకోవాల్సిన విషయం కాదు. నూనెని నేరుగా చిగురు మీద మాత్రం పోయకండి. చిగురు కాలి తెల్లగా పొక్కిపోతుంది. జర్దా, పంటి పక్కన నొప్పి మాత్ర నొక్కి పెట్టుకోవడం, వీటి జోలికి అసలు వెళ్ళకండి.

ఇప్పుడు క్యాప్ అంటించే సిమెంట్ల దగ్గరికి వద్దాం.

వీటిలో అందరికంటే పెద్దాయన జింక్ ఫాస్ఫేట్. 19వ శతాబ్దం చివరి నుంచి వాడుతున్నారు. పొడిలో ఎక్కువ భాగం జింక్ ఆక్సైడ్, కొంచెం మెగ్నీషియం ఆక్సైడ్. ద్రవం ఫాస్ఫారిక్ యాసిడ్. రెండూ కలిస్తే వేడి పుడుతుంది. ఆ వేడికి సిమెంట్ ఇంకా తొందరగా బిగుసుకుంటుంది. అందుకే దీన్ని మందపాటి గాజు పలక మీద, పొడిని చిన్న చిన్న భాగాలుగా చేసి, ఒక్కోటి కలుపుతూ, పలక అంతా పరిచినట్టు రుద్దుతూ కలపాలి. వేడి గాజులోకి పోతుంది. డెంటల్ కాలేజీలో మొదటి రెండేళ్ళూ మాకు ఈ రుద్దుడే సరిపోయేది. మేలో హైదరాబాద్ ఎండకి పలకని ముందే చల్లబరుచుకునేవాళ్ళం. అలాగని వానాకాలంలో మరీ చల్లగా చేస్తే గాలిలో తేమ దాని మీద నీటి చెమ్మలా పేరుకుని మిక్స్ మొత్తం పాడవుతుంది. చేత్తో చేసే పనికి ఊరి వాతావరణం కూడా లెక్కలోకి వస్తుందన్నమాట.

దీని బలం ఎంతో చెప్తా వినండి. మీరు ఇల్లు కట్టేటప్పుడు 53 గ్రేడ్ సిమెంట్ అని అడుగుతారు కదా. ఆ 53 అంటే, ఆ సిమెంట్‌తో చేసిన టెస్ట్ క్యూబ్ 28 రోజుల తర్వాత కనీసం 53 మెగాపాస్కల్ ఒత్తిడి తట్టుకోవాలని. జింక్ ఫాస్ఫేట్ ఒక్క రోజులో సుమారు 100 దగ్గరికి వెళ్తుంది. నొక్కుడుకి అంత గట్టిది. లాగుడుకి మాత్రం చాలా బలహీనం. చిక్కీ, పల్లీపట్టి, జీడిపాకం లాంటివి తింటే క్యాప్ ఊడొచ్చేది అందుకే. నమిలేటప్పుడు నొక్కుడు, నోరు తెరిచేటప్పుడు లాగుడు. సంక్రాంతి పోయిన వారం మా క్లినిక్‌లో ఊడిన క్యాపులు ఎక్కువ. సకినాలు, అరిసెలు మానమని నేను చెప్పను. చెప్పినా మీరు వినరు. కొత్త క్యాప్ ఉన్న వైపు కాకుండా రెండో వైపు నమలండి, అంతే.

ఇంకో సంగతి వింటే ఆశ్చర్యపోతారు. జింక్ ఫాస్ఫేట్ పంటికి అసలు అంటుకోదు! మరి క్యాప్ ఎలా నిలుస్తుంది? మేస్త్రీ కాంక్రీట్ పిల్లర్‌కి ప్లాస్టరింగ్ చేసే ముందు దాని మీద గాట్లు పెడతాడు, చూసే ఉంటారు. నున్నటి పిల్లర్ మీద మాలు నిలవదు, గాట్లలోకి దిగి పట్టుకుంటుంది. ఇదీ అంతే. పంటి మీద, క్యాప్ లోపల కంటికి కనపడని గరుకులోకి దిగి బిగుసుకుంటుంది. పన్నుని మేం చెక్కిన ఆకారం, ఎత్తు, గోడల వాలు సరిగ్గా ఉంటేనే క్యాప్ నిలుస్తుంది. చాలాసార్లు క్యాప్ ఊడితే తప్పు సిమెంట్‌ది అనుకుంటారు, కానీ పన్ను పొట్టిగా ఉండటమో, మరీ కోసుగా చెక్కటమో అసలు కారణం అవుతుంది. క్యాప్‌కీ పంటికీ మధ్య ఈ సిమెంట్ పొర ఎంత పల్చగా ఉండాలంటే, 25 మైక్రాన్లకు మించకూడదని ప్రమాణం. తల వెంట్రుక మందంలో సుమారు మూడో వంతు. అంచు దగ్గర అంతకంటే ఎక్కువ సందు ఉంటే సిమెంట్ ఉమ్ములో మెల్లగా కరుగుతుంది, ఆ సందులో పుచ్చు పట్టుకుంటుంది.

దీనికి ఒక చెడ్డ గుణం ఉంది. కలిపిన కొత్తలో బాగా పులుపు, అంటే యాసిడ్. ఒకటి రెండు రోజుల్లో ఆ పులుపు తగ్గి మామూలుకి వస్తుంది. నరం బతికే ఉన్న పంటి మీద పెడితే ఆ కాసేపు జివ్వుమంటుంది. రూట్ కెనాల్ అయిన పంటికి ఆ గొడవ లేదు.

ఈ పులుపు సమస్యకి, అంటుకోకపోవడానికి కలిపి ఒక జవాబు 1968లో వచ్చింది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో డెనిస్ స్మిత్ అనే ఆయన ఫాస్ఫారిక్ యాసిడ్ తీసేసి పాలీయాక్రిలిక్ యాసిడ్ పెట్టాడు. దాని అణువులు పొడుగాటి గొలుసులు, పంటి లోపలి సన్నటి గొట్టాల్లోకి దూరలేవు, కాబట్టి నరాన్ని అంతగా కదిలించవు. పైగా ఆ గొలుసులు పంటిలోని కాల్షియంని పట్టుకుంటాయి. పంటికి కెమికల్‌గా అంటుకున్న మొదటి సిమెంట్ అదే, జింక్ పాలీకార్బాక్సిలేట్. ఇప్పుడు వాడకం తగ్గింది, కానీ తర్వాత వచ్చినదానికి దారి వేసింది ఇదే.

ఆ తర్వాత వచ్చినదే గ్లాస్ అయనోమర్. మేం జీఐసీ అంటాం. ఇప్పుడు చూస్తున్న మీలో చాలామంది నోట్లో ఇది ఉండే ఉంటుంది. లండన్‌లో ప్రభుత్వ కెమిస్ట్ లేబొరేటరీలో అలన్ విల్సన్, బ్రయన్ కెంట్ అనే ఇద్దరు 1969 ప్రాంతంలో దీన్ని కనిపెట్టారు, 70ల మొదట్లో బయటికి వచ్చింది. పొడి అంటే మెత్తగా నూరిన ఒక ప్రత్యేకమైన గాజు. అల్యూమినియం, సిలికా, ఫ్లోరైడ్ కలిసిన గాజు. ద్రవం మళ్ళీ ఆ పొడుగు గొలుసుల యాసిడే. ఇది పంటికి నేరుగా అంటుకుంటుంది. వేడికి, చల్లకి పన్ను ఎంత సాగుతుందో ముడుచుకుంటుందో ఇదీ దాదాపు అంతే. ఫ్లోరైడ్ వదులుతుంది, మొదటి కొన్ని రోజులు ఎక్కువగా, తర్వాత మెల్లమెల్లగా. ఫ్లోరైడ్ పేస్ట్‌తో తోముకుంటే కొంత మళ్ళీ నింపుకుంటుంది కూడా.

పల్చగా కలిపితే క్యాప్ అంటించడానికి, చిక్కగా కలిపితే ఫిల్లింగ్‌కి. కలిపినప్పుడు మిక్స్ తళతళా మెరుస్తూ ఉండాలి. మెరుపు పోయిందంటే పంటిని పట్టుకోవాల్సిన గొలుసులు అప్పటికే పొడిని పట్టేసుకున్నాయని అర్థం. ఆ మిక్స్‌ని పడేసి కొత్తది కలపాలి. మీరు కుర్చీలో పడుకుని ఉండగా డాక్టర్ అసిస్టెంట్‌తో "ఇంకోటి కలుపు" అన్నారంటే విసుక్కోకండి. అది మీ మంచికే.

దీనికి మొదటి గంటల్లో నీళ్ళు ఎక్కువైనా పడదు, మరీ ఎండిపోయినా పడదు. తడి తగిలితే పై పొర కరిగి సుద్దలా అవుతుంది, ఎండితే బీటలు వారుతుంది. అందుకే ఫిల్లింగ్ అయ్యాక పైన వార్నిష్‌గానీ వ్యాసలిన్‌గానీ రాసి, ఒక గంట ఏమీ తినొద్దు, ఆ రోజు ఆ వైపు నమలొద్దు అంటాం. పూర్తిగా ముదరడానికి ఒక రోజు పైనే పడుతుంది. బయటికి రాగానే ఆలీ కేఫ్ చౌరస్తా దగ్గర ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ లాగించేవాళ్ళకి ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నా.

పిల్లల పాల పళ్ళకి ఇది చాలా మంచిది. కరెంట్ అక్కర్లేదు, డ్రిల్ మెషీన్ అక్కర్లేదు. చేతి పనిముట్లతో మెత్తబడ్డ పుచ్చుని గీకి తీసి, జీఐసీ నింపే పద్ధతి ఒకటుంది. 1980ల మధ్యలో టాంజానియాలో మొదలై, తర్వాత ప్రపంచమంతా పాకింది. స్కూల్లో బెంచీ మీద పడుకోబెట్టి కూడా చేయొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన అత్యవసర మందుల జాబితాలో జ్వరం మందుల్లాంటి వాటి సరసన గ్లాస్ అయనోమర్ సిమెంట్‌ని కూడా చేర్చింది. ఒక సిమెంట్‌కి ఆ హోదా రావడం చిన్న విషయం కాదు.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఎందుకంటే ఫ్లోరైడ్ అనే మాట మన తెలంగాణలో చిన్న మాట కాదు.

నల్లగొండ, యాదాద్రి వైపు నుంచి వచ్చి ఉప్పల్, రామంతాపూర్ చుట్టుపక్కల స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒక తల్లి తన ఏడేళ్ళ పాపని తీసుకొచ్చింది. ఫ్లోరైడ్ వదిలే సిమెంట్ పెడతానమ్మా అన్నా. ఆమె లేచి నిలబడింది. "మాది నల్గొండ సార్. గా నీళ్ళు తాగి మా నాయనకు కాళ్ళు వంకరపోయినయి, నడుం వంగిపోయింది. మళ్ల గదే ఫ్లోరైడ్ నా బిడ్డ నోట్ల పెడ్తరా?" అని అడిగింది. ఆ భయం నూటికి నూరు పాళ్ళు న్యాయమైనది. చూసిన మనిషికి ఉండే భయం అది. దాన్ని "అవన్నీ ఏం కావమ్మా" అని కొట్టిపారేయకూడదు, లెక్క చెప్పాలి.

లెక్క ఇది. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. నల్లగొండ పల్లెల్లో బోరు నీళ్ళలో ఆ హద్దుకి ఎన్నో రెట్లు ఉండేది. రోజూ లీటర్ల కొద్దీ, పుట్టినప్పటి నుంచి, కూటికి కూరకి అవే నీళ్ళు. అదంతా పొట్టలోకి పోయి ఎముకల్లో పేరుకుంది. మన పక్కనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, నిన్ అంటాం కదా, అక్కడి శాస్త్రవేత్తలు 1973లోనే ఈ ఫ్లోరైడ్ ప్రాంతాల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. పటిక, సున్నం వేసి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచంలో ఉన్న పేరే నల్లగొండ టెక్నిక్. మన జిల్లా పేరు పుస్తకాల్లోకి ఎక్కింది అలా. సిమెంట్ సంగతి వేరు. శనగగింజంత ఫిల్లింగ్ నుంచి వచ్చేది మైక్రోగ్రాముల్లో ఉంటుంది, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతుల్లో. అది కూడా ఎక్కువగా ఆ పంటి చుట్టూనే పని చేస్తుంది. నీళ్ళతో రోజూ ఒంట్లోకి పోయినదానికీ దీనికీ పోలికే లేదు. ఇది విని ఆ తల్లి కొంచెంసేపు ఆలోచించి, సరేనని కూర్చుంది. వద్దని ఉంటే ఫ్లోరైడ్ లేని వేరే ఫిల్లింగ్ వేసేవాడిని. నిర్ణయం వాళ్ళదే.

ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమ రంగు చారలు, తెల్లటి మచ్చలు ఉంటాయి. వాళ్ళకి సిమెంట్ విషయంలో ఒక తిరకాసు ఉంది, అది చెప్పాలంటే ముందు రెసిన్ సిమెంట్ గురించి చెప్పాలి.

1955లో అమెరికాలో మైకేల్ బ్యూనోకోర్ అనే ఆయన పంటి ఎనామిల్‌ని ఫాస్ఫారిక్ యాసిడ్‌తో కాసేపు తడిపి కడిగి చూశాడు. నున్నటి ఎనామిల్ మీద కంటికి కనపడని గుంటలు పడ్డాయి, ప్లాస్టిక్ జాతి రెసిన్ వాటిలోకి దిగి గట్టిగా పట్టుకుంది. ఇందాకటి మేస్త్రీ గాట్లే, యాసిడ్‌తో పెట్టినవి. ఇప్పటి కాంపోజిట్ ఫిల్లింగ్, బ్రేసెస్ అంటించడం, ముందు పళ్ళకి అంటించే వెనీర్లు, రెసిన్ సిమెంట్లు అన్నీ ఆ ప్రయోగం మీదే నిలబడ్డాయి. సిమెంట్లలో అన్నిటికంటే బలమైనది, ఉమ్ములో కరగనిది రెసినే. పల్చటి పింగాణీ వెనీర్‌కి ఇదే కావాలి, వేరేది పెడితే నిలవదు. కానీ ఓపిక చాలా కావాలి. అంచెలంచెలుగా చేయాలి, ఒక్క చుక్క ఉమ్ము తగిలినా పట్టు పోతుంది, ఖర్చూ ఎక్కువే.

ఇప్పుడా తిరకాసు. ఫ్లోరోసిస్ ఉన్న పంటి పై పొర యాసిడ్‌కి తొందరగా లొంగదు. మామూలు పంటికి సరిపోయే సమయం దానికి సరిపోదు, గుంటలు సరిగ్గా పడవు. పై పొరని కొంచెం రుద్ది తీయడమో, యాసిడ్‌ని ఎక్కువసేపు ఉంచడమో చేయాలి. అందుకే బ్రేసెస్‌కో వెనీర్‌కో వెళ్ళినప్పుడు "మాది ఫలానా ఊరు, చిన్నప్పుడు బోరు నీళ్ళు తాగాం" అని చెప్పండి. డాక్టర్‌కి మచ్చలు కనపడతాయి, అయినా చెప్పండి.

జీఐసీకి కొంచెం రెసిన్ కలిపి చేసిన రకం కూడా ఉంది, రెండిటి గుణాలూ కొంచెం కొంచెం వస్తాయి. క్యాపులకి బాగా వాడతాం. ఇప్పుడు అందరూ అడుగుతున్న జిర్కోనియా క్యాప్ ఉందే, పన్ను పొడుగు, ఆకారం బాగుంటే దానికి జీఐసీ జాతి సిమెంట్ చాలు. పన్ను పొట్టిగా ఉంటే రెసిన్ వైపు వెళ్ళాలి. మీకు క్యాప్‌తో పాటు పది, పదిహేనేళ్ళ వారంటీ కార్డు ఇస్తారు చూడండి. అది క్యాప్ విరగదని ఇచ్చే హామీ. దాని కింద సిమెంట్‌కి కాదు, సిమెంట్ కింద పంటికి అంతకన్నా కాదు. కార్డుని బీరువాలో దాచి బ్రష్ చేయడం మానేస్తే క్యాప్ చెక్కుచెదరకుండా మీ చేతికి వస్తుంది, లోపల పన్ను మాత్రం ఉండదు.

చివరిగా, నాకు చాలా ఇష్టమైన సిమెంట్. తాండూరు, హుజూర్‌నగర్ వైపు ఫ్యాక్టరీల్లో తయారై లారీల్లో వస్తుందే పోర్ట్‌లాండ్ సిమెంట్, దాని చుట్టం నోట్లోకి కూడా వచ్చింది. 1993 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని లోమా లిండా యూనివర్సిటీలో మహమూద్ తొరాబినెజాద్ అనే డాక్టర్ దీన్ని పరిచయం చేశారు. పేరు ఎంటీఏ. దాంట్లో ముప్పావు వంతు దాకా పోర్ట్‌లాండ్ సిమెంటే, ఎక్స్‌రేలో కనపడటానికి బిస్మత్ ఆక్సైడ్ కలుపుతారు. దీని గొప్పతనం ఏంటంటే, తడి అంటే దీనికి భయం లేదు. స్లాబ్‌కి నీళ్ళు కట్టి క్యూరింగ్ చేస్తారు కదా, ఇదీ తడిలోనే గట్టిపడుతుంది. వేరు చివర, నరం పక్కన, రక్తం చెమ్మ ఉన్నచోట మిగతా సిమెంట్లు చేతులెత్తేస్తాయి, ఇది నిలబడుతుంది. లోతు పుచ్చులో నరం కొంచెం బయటపడితే దీన్ని పెట్టి నరాన్ని బతికించుకునే అవకాశం ఉంటుంది. పూర్వం ఆ పనికి కాల్షియం హైడ్రాక్సైడ్ ఒక్కటే దిక్కు. ఎంటీఏ బిగుసుకోవడానికి రెండున్నర, మూడు గంటలు పడుతుంది. తర్వాత వచ్చిన కొత్త రకాలు పన్నెండు, పదిహేను నిమిషాల్లో అయిపోతాయి.

ఒక గ్రాము ధర చాలా బ్రాండ్లలో ఇంటి సిమెంట్ బస్తా కంటే ఎక్కువ. "మరి బస్తాలోదే చిటికెడు పెట్టొచ్చుగా డాక్టర్" అని ఒక మేస్త్రీగారే నవ్వుతూ అడిగారు. కుదరదు. బస్తా సిమెంట్‌లో సీసం, ఆర్సెనిక్ లాంటివి ఎంత ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టరు, రేణువులు లావు, శుభ్రత ఉండదు. మీరు కడుతున్నది శుద్ధి చేసినందుకు, అంత మెత్తగా నూరినందుకు.

ఇక మీ ఫోన్ తీయండి. ట్రీట్‌మెంట్ అయ్యాక ఇచ్చే చీటీని ఫోటో తీసుకోండి. దాని మీద రెండు మాటలు రాయించుకోండి: పెట్టిన సిమెంట్ పేరు, అది టెంపరరీయా పర్మనెంటా. టెంపరరీ అయితే బయటికి రాకముందే రెండు వారాల తర్వాత తేదీకి రిమైండర్ పెట్టండి. క్యాప్‌కి డబ్బులు సరిపోకపోతే సిగ్గుపడి ఇంట్లో కూర్చోకండి, ఆ మాటే డాక్టర్‌కి చెప్పండి. టెంపరరీ తీసి జీఐసీ లాంటి గట్టి ఫిల్లింగ్ పెట్టి, కొరికేటప్పుడు పన్ను మీద బరువు తగ్గేలా కొంచెం అరగదీసి, క్యాప్ దాకా పన్నుని కాపాడే దారి ఉంది. అది పర్మనెంట్ పరిష్కారం కాదు, కానీ ఏడు నెలలు టెంపరరీతో తిరగడం కంటే ఎన్నో రెట్లు నయం. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. టైమ్ పడుతుంది, క్యూ ఉంటుంది, ఖర్చు మాత్రం బయటికంటే చాలా తక్కువ. అంబర్‌పేట నుంచి ఎంతో దూరం కూడా కాదు.

క్యాప్ ఊడితే ఏం చేయాలో కూడా చెప్పేస్తా. పారేయకండి. కడిగి చిన్న డబ్బాలో వేసుకుని రండి, క్యాప్, పన్ను రెండూ బాగుంటే చాలాసార్లు అదే క్యాప్‌ని మళ్ళీ అంటించొచ్చు. వదులుగా ఉన్న క్యాప్‌ని పెట్టుకుని నిద్రపోకండి, మింగేస్తారు, ఖర్మ కాలితే ఊపిరితిత్తుల వైపు పోతుంది. ఇంట్లో ఉన్న ఫెవిక్విక్ లాంటి గమ్‌తో మాత్రం అంటించకండి. అది తడి తగలగానే క్షణాల్లో బిగుసుకుంటుంది, మీరు సర్దుకునే లోపే క్యాప్ వంకరగా, ఎత్తుగా కూర్చుంటుంది. పళ్ళు మూస్తే ముందు అదే తగులుతుంది. దాన్ని తీయాలంటే క్యాప్‌ని కోయాల్సిందే. వంద రూపాయల పనికి వేల రూపాయల క్యాప్ పోతుంది. చిగురు కాలడం అదనం. ఊడిన పన్నుతో ఒకటి రెండు రోజులు ఉండొచ్చు, కొంచెం జివ్వుమంటుంది, ఆ వైపు నమలకండి, గోరువెచ్చటి ఉప్పు నీళ్ళు పుక్కిలించండి. వారం దాటనివ్వకండి, పక్క పళ్ళు, ఎదురు పన్ను కొద్దికొద్దిగా జరిగి ఆ పాత క్యాప్ ఇక కూర్చోకుండా పోతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో పాత వెండి ఫిల్లింగుల గురించి. పాదరసం ఉంటుందట, అవన్నీ తీయించుకోవాలా అని ఇంట్లో పెద్దవాళ్ళు అడుగుతున్నారు కదా, వాళ్ళని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఉంటాను, నమస్తే.